డబ్బా మీద ఓమ్ గారు

ఈ సంక్రాంతి సెలవుల తర్వాత నేను ఇయర్‌ఫోన్స్‌కి ఒక కేబుల్ కొన్నాను. ఇయర్‌ఫోన్స్ కాదు, ఒట్టి కేబుల్. ఇయర్‌ఫోన్స్ ఖరీదు 1,800 రూపాయలు, కేబుల్ ఖరీదు 2,400. గొర్రె తోక బెత్తెడే అంటారు, నా దగ్గర మాత్రం తోకే గొర్రెని మించిపోయింది. డబ్బు మా బాబాయి పండక్కి ఇచ్చింది. ఎనిమిది పోగులు జడలా అల్లి, వెండి పూత పూసిన రాగి తీగ. పెట్టుకుని పాట వినగానే బేస్ బిగిసిందని, గొంతు ముందుకొచ్చిందని, ఇన్నాళ్లూ వినపడని తంబురా వినపడుతోందని రూమ్‌మేట్‌కి చెప్పేశాను. వాడు ఒక చెవిలో పెట్టుకుని విని, పాత కేబుల్‌తో మళ్ళీ విని, తనకేమీ తెలియట్లేదని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు. నాకు కాస్త కోపం వచ్చింది. కోపం ఎందుకొచ్చిందంటే, లోపల నాకూ అనుమానం ఉంది కాబట్టి.

ఆ రాత్రి ఖాళీ డబ్బా తిప్పి చూస్తుంటే వెనకాల 32 అంకె, పక్కనే గుర్రపు నాడా లాంటి గ్రీకు అక్షరం కనిపించాయి. ముప్పై రెండు ఓమ్‌లు. పదో తరగతి నుంచి ఈ పేరు రాస్తున్నాను. ఇప్పుడు చదివేది ఎలక్ట్రికల్. అయినా ఆ ఓమ్ ఎవరు, ఏ ఊరు, ఏం చేసి బతికాడు అంటే ఒక్క ముక్క చెప్పలేను. వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేంటంటే, నా కేబుల్ విషయంలో నాకున్న ప్రశ్ననే ఆయన 1825లో పట్టుకున్నాడు. తీగ మారితే ఏం మారుతుంది, ఎంత మారుతుంది? ఆ ప్రశ్న మీద ఆయన ఉద్యోగం, పేరు, సగం జీవితం ఖర్చయ్యాయి. మన మేగజైన్‌లో ఇంతవరకు కవుల జీవితాలే ఎక్కువ వచ్చాయి. ఈసారి ఒక తీగల మనిషి గురించి రాస్తాను.

గియోర్గ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న బవేరియా ప్రాంతంలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది ముగ్గురే. గియోర్గ్‌కి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి పెద్ద చదువు చదవలేదు గానీ పని అయ్యాక పుస్తకాలు ముందేసుకుని గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, తత్వశాస్త్రం సొంతంగా నేర్చుకున్నవాడు. తను నేర్చుకున్నది ఇద్దరు కొడుకులకీ తనే చెప్పాడు. బడిలో చెప్పిన చదువు కంటే ఇంట్లో నాన్న చెప్పిందే వాళ్ళకి ఎక్కువ పనికొచ్చింది. గియోర్గ్‌కి పదిహేనేళ్ళు వచ్చేసరికి ఊళ్ళో యూనివర్సిటీ ప్రొఫెసర్ లాంగ్స్‌డార్ఫ్ ఇద్దరన్నదమ్ముల్నీ పరీక్షించి, వీళ్ళు ఇంకో బెర్నౌలీ సోదరులవుతారని మెచ్చుకున్నాడు. చిన్నవాడు మార్టిన్ తర్వాత నిజంగానే పేరున్న గణిత ప్రొఫెసర్ అయ్యాడు.

పెద్దవాడి దారి అంత తిన్నగా సాగలేదు. 1805లో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. చేరి ఏం చేశాడంటే, డాన్సులు, మంచు మీద స్కేటింగ్, బిలియర్డ్స్. ఇక్కడ చదవడం ఆపి కాసేపు మా హాస్టల్ కారిడార్ వంక చూశాను. తాళాలు చేసి కూడబెట్టిన డబ్బు కొడుకు ఆటపాటలకి పోతుంటే తండ్రికి ఒళ్ళు మండింది. తనకి దొరకని అవకాశం కొడుకు చేతులారా పారేసుకుంటున్నాడని ఆయన బాధ. మూడు సెమిస్టర్లతో చదువు ఆగింది. 1806లో కుర్రాణ్ణి స్విట్జర్లాండ్‌లో గోట్‌స్టాట్ అనే చోట ఒక బడిలో లెక్కల మాస్టారుగా పంపేశారు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు.

ఆ వెళ్ళగొట్టడమే మేలు చేసింది. కొన్నేళ్ళు లెక్కలు చెబుతూ, తర్వాత నోషాటెల్‌లో ట్యూషన్లు చెప్పుకుంటూ, పెద్దవాళ్ళ గణిత గ్రంథాలు సొంతంగా చదివాడు. 1811లో ఎర్లాంగెన్ తిరిగొచ్చి ఆ ఏడాది అక్టోబరులోనే డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడే కొన్ని సెమిస్టర్లు పాఠాలు చెప్పాడు గానీ దాంతో కడుపు నిండలేదు. 1813లో బాంబెర్గ్‌లో ఒక చిన్న బడిలో చేరాడు. ఆ బడి 1816లో మూతపడింది. ఆ ఊళ్ళోనే ఇంకో బడికి మార్చారు. ఈ గొడవల మధ్యనే ఒక రేఖాగణితం పుస్తకం రాసి ప్రష్యా రాజుకి పంపాడు. ఆ పుస్తకం పుణ్యాన 1817లో కొలోన్ నగరంలో ఒక పెద్ద బడిలో గణితం, భౌతిక శాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ బడిలో మంచి ల్యాబ్ ఉంది. ఓమ్‌కి అప్పటికి 28 ఏళ్ళు. జీవితంలో మొదటిసారి సామాను చేతికందింది.

అప్పటికి కరెంటు గురించి లోకానికి ఎంత తెలుసో ఒకసారి అనుకుందాం. వోల్టా బ్యాటరీ 1800లో వచ్చింది. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని ఆర్‌స్టెడ్ 1820లో చూపించాడు. అంతే. ఆమీటర్ లేదు, వోల్ట్‌మీటర్ లేదు, యూనిట్లు లేవు. మనం మల్టీమీటర్ కొనుక్కుని తీగ రెండు కొసల్లో ముళ్ళు పెట్టి అంకె చదివేస్తాం. ఆయన ఆ అంకె అనేది ఒకటి ఉంటుందని ముందు ఋజువు చేయాలి. అంతకుముందు ఇంగ్లండ్‌లో కావెండిష్ అనే ఆయన తన ఒంటికే షాక్ కొట్టించుకుని, ఏ షాక్ ఎంత గట్టిగా తగిలిందో పోల్చుకుని ఈ సంబంధం దాదాపు కనిపెట్టేశాడు. కానీ అచ్చు వేయలేదు. ఆ కాగితాలు మాక్స్‌వెల్ 1879లో బయటపెట్టేదాకా ఎవరికీ తెలియదు.

ఓమ్ పద్ధతి వేరు. తాళాలు చేసేవాడి కొడుకు కదా, పరికరం తనే తయారు చేసుకున్నాడు. అయస్కాంతపు ముల్లుని సన్నటి లోహపు పట్టీతో వేలాడదీసి, కింద తీగలో కరెంటు పారిస్తే ముల్లు తిరుగుతుంది. పైన పిడి తిప్పి ఆ ముల్లుని మళ్ళీ మొదటి చోటికి తేవాలి. పిడి ఎంత తిప్పాల్సొచ్చిందో అదే కరెంటు కొలత.

1825లో మొదటి ప్రయోగం. ముందు పొట్టిగా లావుగా ఉన్న తీగ పెట్టి ముల్లు బలం చూడటం, తర్వాత పొడుగు తీగలు పెట్టి ఆ బలం ఎంత తగ్గిందో చూడటం. ఈ లెక్కలోంచి ఒక సూత్రం రాశాడు. అందులో లాగరిథమ్ ఉంది. అది తప్పు. తప్పెక్కడంటే బ్యాటరీలో. అప్పటి బ్యాటరీలు పెట్టిన క్షణంలో ఒక బలం, రెండు నిమిషాలయ్యాక ఇంకో బలం. తీగ వల్ల తగ్గిందో, బ్యాటరీ నీరసపడి తగ్గిందో తేలదు. ఆ తప్పు సూత్రాన్ని ఆయన తొందరపడి పత్రికలో అచ్చు వేయించాడు కూడా. నాకు ఈ భాగం బాగా నచ్చింది. ఓమ్ సూత్రం అని మనం బట్టీ పట్టేది ఆయన రెండో సూత్రమన్నమాట.

పొగెన్‌డార్ఫ్ అనే పత్రికా సంపాదకుడు ఒక సలహా ఇచ్చాడు. బ్యాటరీ మానేసి, కొత్తగా వచ్చిన థర్మోకపుల్ వాడమన్నాడు. రెండు వేర్వేరు లోహాలు కలిపి, ఒక అతుకు వేడిగా, ఒక అతుకు చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని థామస్ సీబెక్ 1821లో కనిపెట్టాడు. ఓమ్ బిస్మత్ కడ్డీకి రాగి పట్టీలు అతికి, ఒక అతుకు మరిగే నీళ్ళలో, ఇంకోటి మంచులో ఉంచాడు. నీళ్ళు మరిగినంతసేపూ, మంచు కరగకుండా ఉన్నంతసేపూ బలం మారదు. 1826 జనవరిలో ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. లావు అన్నిటికీ ఒకటే. పొడవులు అంగుళాల్లో 2, 4, 6, 10, 18, 34, 66, 130. ఒక్కొక్కటి పెట్టి కొలవడం, మళ్ళీ మొదటి నుంచి కొలవడం, ఇంకో రోజు మళ్ళీ కొలవడం. వచ్చిన అంకెలన్నీ ఒక చిన్న సూత్రంలో ఇమిడిపోయాయి. కరెంటు సమానం a బై (b ప్లస్ x).

ఇందులో x మనం మార్చే తీగ పొడవు. a అంటే కరెంటుని తోసే బలం. అసలు కథ అంతా b లో ఉంది. మనం తీగ పెట్టకముందే సర్క్యూట్‌లో ఉన్న అడ్డంకి మొత్తం అది. తీగ ఒక్కటే కరెంటుని నిర్ణయించదు. తీగ, మిగతా సర్క్యూట్ రెండూ కలిస్తే ఎంతో, అందులో తీగ వాటా ఎంతో, ప్రభావం అంతే. x చిన్నదై, మిగతాది పెద్దదైతే x ని ఎంత మార్చినా ముల్లు పెద్దగా కదలదు. మిగతాది చిన్నదైతే మూర కదిపినా తెలిసిపోతుంది.

ఇప్పుడు నా కేబుల్ దగ్గరికి వద్దాం. ల్యాబ్‌లో పర్మిషన్ అడిగి రెండు కేబుల్సూ కొలిచాను. మామూలు మల్టీమీటర్‌తో కాదు, దాని సొంత తీగలకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. నాలుగు తీగల పద్ధతిలో కొలిచాను. పాత కేబుల్ రానూపోనూ కలిపి 0.6 ఓమ్‌లు. కొత్తది 0.3. చూశారా, సగానికి సగం తగ్గింది! అమ్మేవాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఓమ్ గారి లెక్కలో అది 32 పక్కన కూర్చుంటుంది. పాత కేబుల్‌తో ఇయర్‌ఫోన్‌కి చేరే వోల్టేజీ 32 బై 32.6, అంటే 98.2 శాతం. కొత్తదాంతో 32 బై 32.3, అంటే 99.1 శాతం. తేడా దాదాపు 0.9 శాతం. డెసిబెల్స్‌లో 0.08. మామూలుగా చెవికి శబ్దం పెరిగిందని తెలియాలంటే 1 డెసిబెల్ అటూఇటూగా కావాలి. ఎంత శ్రద్ధగా పోల్చి విన్నా 0.08 దొరకదు. వాల్యూమ్ ఒక్క పాయింట్ పెంచితే ఇంతకంటే ఎక్కువ వస్తుంది.

మరి వెండి సంగతి? వెండి రాగి కంటే మంచి వాహకమే, అయితే ఐదారు శాతమే మంచిది. నా కేబుల్‌లో ఉన్నది పూత మాత్రమే. ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు తీగ పైపొరలోనే పోతుంది కాబట్టి పూత చాలు అంటారు. ఆ స్కిన్ ఎఫెక్ట్ మన సిలబస్‌లో ఉన్నదే. కానీ మనిషి వినగలిగే చివరి హద్దు 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ పొర మందం దాదాపు అర మిల్లీమీటర్. కేబుల్ లోపలి పోగు ఒక్కోటీ అంతకంటే ఎంతో సన్నం. అంటే కరెంటు పోగంతా నిండుగానే పారుతుంది. పూతకి ప్రత్యేకంగా చేసే పనేం లేదు.

లెక్క సరే, చెవి ఏమంటుందో చూద్దామని ఇంకో పని చేశాం. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. రూమ్‌మేట్ నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి కేబుల్ పెడతాడు. అదే కేబుల్ మళ్ళీ పెట్టాల్సొచ్చినా ఒకసారి ఊడదీసి పెట్టాలి, శబ్దం బట్టి నేను కనిపెట్టకుండా. కేబుల్ నా మెడకి తగలకుండా తువ్వాలు చుట్టుకున్నాను. పది సార్లలో ఆరు సార్లు సరిగ్గా చెప్పాను. నాణెం కూడా దాదాపు అంతే చెబుతుంది. మొదటి రోజు విన్న ఆ తంబురా పాత కేబుల్‌లోనూ హాయిగా వినిపిస్తోంది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. 2,400 పెట్టాక నేను మొదటిసారి శ్రద్ధగా విన్నాను, అంతే.

అయితే ఓమ్ సూత్రం ఎదుటి పక్షానికి కూడా న్యాయం చేస్తుంది. కొన్ని ఖరీదైన ఇయర్‌ఫోన్స్‌లో ఒక్కో చెవికి మూడు నాలుగు చిన్న డ్రైవర్లుంటాయి. వాటి ఇంపీడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 8 ఓమ్‌లు, ఇంకోచోట 40 ఉండొచ్చు. అక్కడ 0.6 ఓమ్‌ల కేబుల్ పెడితే, 8 ఉన్నచోట శబ్దం 0.6 డెసిబెల్ తగ్గుతుంది, 40 ఉన్నచోట 0.1 మాత్రమే తగ్గుతుంది. అంటే స్వరం రంగు అర డెసిబెల్ మారుతుంది. కేబుల్ ఇంకా సన్నమైతే ఇంకా మారుతుంది. కేబుల్ వినపడుతుందని చెప్పేవాళ్ళందరూ భ్రమలో ఉన్నారని అనలేం. కానీ అలాంటి చోట కూడా ముందు చూడాల్సింది ఫోన్ లేదా యాంప్ లోపలి రెసిస్టెన్స్, అంటే ఓమ్ గారి b. అది చాలాసార్లు కేబుల్ కంటే ఎక్కువ ఉంటుంది. ఇక పాత కేబుల్ ప్లగ్ దగ్గర విరిగిపోయినా, మైక్ కావాల్సొచ్చినా, చొక్కాకి రాసుకుని గరగరమంటున్నా, పొడవు చాలకపోయినా కొత్తది కొనుక్కోవచ్చు. దానికి మూడు నాలుగు వందల కేబుల్ చాలు. స్వరం మారుతుందని మాత్రం కొనొద్దు.

మళ్ళీ ఓమ్ దగ్గరికి. 1826లో ఆయన సగం జీతం మీద సెలవు పెట్టి తమ్ముడు మార్టిన్ ఉన్న బెర్లిన్ వెళ్ళాడు. ప్రయోగాలకి సిద్ధాంతం కడదామని కూర్చున్నాడు. నాలుగేళ్ళ ముందే ఫూరియే వేడి ఒక కడ్డీలో ఎలా పారుతుందో గణితంలో రాశాడు. ఓమ్ అదే దారిలో, ఉష్ణోగ్రత తేడా వేడిని తోసినట్టు ఇంకేదో తేడా కరెంటుని తోస్తుందని రాసుకుంటూ పోయాడు. 1827లో గాల్వానిక్ సర్క్యూట్ మీద ఆ పుస్తకం వచ్చింది. ఈ పుస్తకం చూసి ఏదో ఒక యూనివర్సిటీ పిలుస్తుందని ఆయన ఆశ. ఏ యూనివర్సిటీ పిలవలేదు. అప్పట్లో జర్మనీలో చాలామంది భౌతిక శాస్త్రజ్ఞులకి ఇంత గణితం అలవాటు లేదు. బెర్లిన్‌లో పోల్ అనే ఆయన ఈ పుస్తకాన్ని గట్టిగా తీసిపారేశాడు. ఫెక్నర్ లాంటి కొద్దిమంది మాత్రం మళ్ళీ కొలిచి చూసి ఓమ్ చెప్పింది నిజమేనన్నారు.

1828లో ఓమ్ కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. అప్పటికి 39 ఏళ్ళు, పెళ్ళి లేదు, ఆస్తి లేదు. తర్వాత ఐదారేళ్ళు బెర్లిన్‌లో ఒక సైనిక పాఠశాలలో వారానికి కొద్ది గంటలు లెక్కలు చెప్పుకుని బతికాడు. ఈ రోజు ప్రపంచంలో ప్రతి బల్బు, ప్రతి ఛార్జర్ ఏ లెక్క మీద తయారవుతోందో ఆ లెక్క చేతిలో ఉంచుకుని, పిల్లలకి భిన్నాలు చెప్పుకున్నాడన్నమాట. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. అనుకున్న యూనివర్సిటీ అయితే కాదు.

గుర్తింపు బయటి నుంచి వచ్చింది. టెలిగ్రాఫ్ తీగలు లాగడం మొదలైంది. మైళ్ళ తరబడి తీగ లాగాక అవతల కొసలో కరెంటు ఎంత మిగులుతుంది అన్నది ఇక తత్వచర్చ కాదు, డబ్బు ప్రశ్న. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కి కోప్లీ మెడల్ ఇచ్చింది. మరుసటి ఏడాది విదేశీ సభ్యుణ్ణి చేసింది. తర్వాత సొంత బవేరియా అకాడమీ కూడా మేలుకుని 1845లో సభ్యత్వం ఇచ్చింది.

ఇక్కడ కథలో నాకు తెలియని మలుపు ఒకటుంది. ఓమ్ చెవి మీద కూడా పనిచేశాడు. 1843లో ఆయన చెప్పిందేంటంటే, మన చెవి ఎంత కలగాపులగం శబ్దాన్నైనా విడివిడి శుద్ధ స్వరాల మొత్తంగా విడగొట్టి వింటుంది. వేడి లెక్కలో వాడిన అదే ఫూరియే గణితం ఇక్కడా వాడాడు. దీని మీద ఆగస్ట్ సీబెక్ అనే ఆయన సైరన్‌తో ప్రయోగాలు చేసి ఓమ్‌తో గట్టిగా వాదానికి దిగాడు. ఈ ఆగస్ట్ ఎవరంటే, థర్మోకపుల్ కనిపెట్టిన థామస్ సీబెక్ కొడుకు. తండ్రి కనిపెట్టింది ఓమ్‌ని నిలబెట్టింది, కొడుకు ప్రయోగం ఆయన్ని ఇబ్బంది పెట్టింది. ఆ వాదంలో ఓమ్ పూర్తిగా నెగ్గలేదు. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ ఆ ఆలోచన మళ్ళీ తీసుకుని పెద్ద సిద్ధాంతం చేశాడు. అంటే నా ఇయర్‌ఫోన్స్‌కి రెండు కొసల్లోనూ ఓమ్ ఉన్నాడు. ప్లగ్ వైపు ఒక ఓమ్ సూత్రం, చెవి వైపు ఇంకో ఓమ్ సూత్రం.

1849లో మ్యూనిక్ పిలిచింది. 1852లో అక్కడి యూనివర్సిటీలో భౌతిక శాస్త్ర పీఠం ఇచ్చారు. యువకుడిగా కోరుకున్న ఉద్యోగం 63వ ఏట చేతికొచ్చింది. మన వైపు గుర్తు చెప్పాలంటే, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం అది. రెండేళ్ళు కూడా ఆ కుర్చీలో పూర్తిగా కూర్చోలేదు. 1854 జులై 6న మ్యూనిక్‌లో పోయాడు. 1881లో పారిస్‌లో దేశదేశాల ఎలక్ట్రికల్ నిపుణులు కూడి, రెసిస్టెన్స్ యూనిట్‌కి ఆయన పేరు ఖాయం చేశారు. అలా నా డబ్బా మీదికి చేరాడు.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ డబ్బు ఎవరిదో మొదట్లోనే చెప్పాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

మా బాబాయిది కైకలూరు వైపు రొయ్యల చెరువు. కొల్లేరు పక్క నేల, చుట్టూ చెరువులే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళి, చివరి నాలుగు ఏరేటర్లు నీరసంగా తిరుగుతున్నాయని, మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయని, కారణమేంటో చెప్పమని అడిగాడు. కరెంటు చదువు చదివేవాణ్ణి కదా, పైగా మా ఇళ్ళల్లో ఇంజనీరింగ్‌కి వచ్చిన మొదటివాణ్ణి. నేను గట్టు మీద రెండు నిమిషాలు నిలబడి, మోటార్ల వైండింగ్ పోయి ఉంటుందని చెప్పేశాను. ఒక్క కొలత తీయలేదు. మర్నాడు పండగ ఖర్చుకని నా చేతిలో డబ్బు పెట్టాడు. తాడేపల్లిగూడెం వచ్చి కేబుల్ కొన్నాను. ఆయన అక్కడ రెండు మోటార్లు రీవైండింగ్‌కి ఇచ్చాడు.

రాత్రిపూట చెరువులో నాచు ఆక్సిజన్ తయారు చేయదు, అన్నీ పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. ఏరేటర్లు గట్టిగా తిరగాల్సింది అప్పుడే. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆ మూల రొయ్య పైకి తేలింది. ఇంకా నెలయినా పెరగాల్సిన రొయ్యని 90 కౌంట్‌లోనే హడావిడిగా పట్టేయాల్సొచ్చింది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. అంకె ఎంత పెద్దదైతే రొయ్య అంత చిన్నది, ధర అంత తక్కువ. ఎంత పోయిందో ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఓమ్ ఎనిమిది తీగల గురించి చదివిన రోజు రాత్రి ఆ గట్టు గుర్తొచ్చింది. స్టార్టర్ బోర్డు నుంచి చివరి ఏరేటర్ల దాకా దాదాపు 300 మీటర్లు. వేసింది 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ. కాగితం మీద వేస్తే ఒక్కో ఫేజ్ తీగకి సుమారు 2 ఓమ్‌లు. నాలుగు 2 హెచ్‌పీ మోటార్లు కలిసి 14 ఆంపియర్లు లాగుతాయి. ఆ నాలుగూ కలిపి ఒక్కో ఫేజ్‌కి దాదాపు 16 ఓమ్‌ల భారం కింద లెక్క. 16 పక్కన 2. పవర్ ఫ్యాక్టర్ కలుపుకుని చూసినా వోల్టేజీలో పదో వంతు తీగలోనే పోతోంది. మోటార్ తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ బలం ఐదో వంతు పోతుంది. తక్కువ వోల్టేజీలో అదే పని చేయడానికి మోటార్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. దీనికి రీవైండింగ్ మందు కాదు. కాలువ పూడుకుపోయి శివారు పొలానికి నీళ్ళు అందకపోతే శివారు రైతు తూముని మార్చి ఏం లాభం?

అదే సూత్రం, అదే a బై b ప్లస్ x. నా చెవి దగ్గర తీగ వాటా రెండు శాతం కూడా లేదు, దాన్ని సగం చేయడానికి 2,400 పెట్టాను. బాబాయి గట్టు మీద తీగ వాటా పది శాతం దాటింది, దాన్ని చూడడానికి నేను రెండు నిమిషాలకు మించి పెట్టలేదు.

ఫోన్ చేసి చెప్పాను. నా మాట తప్పని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎంత లావు తీగ వేయాలని అడిగాడు. 10 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 2 ఓమ్‌లు 0.85కి దిగుతాయని, ఎత్తుకి తగ్గట్టు స్టార్టర్ బోర్డుని గట్టు మధ్యకి జరిపితే ఇంకా మంచిదని, ముందు మాత్రం ఏరేటర్లు తిరుగుతుండగా చివర వోల్టేజీ కొలిపించమని చెప్పాను. కొలిపించాడు. లెక్క దగ్గర దగ్గరగా సరిపోయింది. ఈ పంటకి తీగ మార్చాడు. మొన్న ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. చివరి నాలుగూ మిగతావాటితో సమానంగా తిరుగుతున్నాయి. మోటార్ మీద చెయ్యి పెడితే ఉంచగలిగాను.

కేబుల్ సంగతి బాబాయికి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక లింక్ పంపుతాను, చదువుకుంటాడు. ఆ కేబుల్ ఇప్పటికీ వాడుతున్నాను, బాగానే ఉంది, చిక్కు పడదు. డబ్బా కూడా పారేయలేదు. మీ ఇయర్‌ఫోన్స్ డబ్బా ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి ఆ అంకె చూడండి. కేబుల్ కొనే ముందు ఒక భాగహారం చేయండి. ఇంటి దగ్గర ఎవరైనా మోటార్ గురించి అడిగితే మాత్రం, సమాధానం చెప్పే ముందు మీటర్ పట్టుకెళ్ళండి.